హాఫ్ మూన్ బేలో ఒక రాత్రి ఆగాలా, నేరుగా మాంటెరే పోవాలా?

వేణు_అలమేడా (ఆగస్టు 19)

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. నేనూ, మా ఆవిడా, మా బావమరిది, ఆఫీసు ఫ్రెండ్ ఒకడు, నలుగురం కలిసి కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో బే లోపలున్న అలమేడా నుంచి దక్షిణాన తీరం మీదున్న మాంటెరే దాకా తెరచాప పడవలో వెళ్ళొద్దామని అనుకుంటున్నాం. పడవ మా క్లబ్బుది, 34 అడుగులు. నాకు ఏఎస్‌ఏ 101, 103, 104 (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్ కోర్సులు) అయ్యాయి. బే లోపల మూడేళ్ళుగా తిప్పుతున్నా గానీ బే ముఖద్వారం గోల్డెన్ గేట్ దాటి సముద్రంలోకి వెళ్ళింది రెండే సార్లు, రెండుసార్లూ మధ్యాహ్నానికల్లా లోపలికి వచ్చేశాం. శుక్రవారం తెల్లారి బయల్దేరి, శనివారం మాంటెరేలో తిరిగి, ఆదివారం రాత్రికి ఇంటికి చేరాలి, సోమవారం పొద్దున తొమ్మిదికి నాకు మీటింగ్. దారిలో హాఫ్ మూన్ బే దగ్గర పిల్లర్ పాయింట్ హార్బరులో ఆగితే ఒక రాత్రి దండగ అంటాడు బావమరిది. ఆగడం అవసరమా? ఆగితే మెరీనాలో (పడవలు కట్టేసే రేవులో) ఏం చూసుకోవాలి? ఇంట్లో ఇప్పటికే టెన్షన్ మొదలైంది, కాస్త భయపెట్టకుండా చెప్పండి.

సన్నీవేల్_శాస్త్రి

ఆగక్కర్లేదు బ్రదర్. వెనక నుంచి గాలి, వెనక నుంచి అల, దక్షిణానికి పోవడం అంత హాయి ఇంకోటి లేదు. రాత్రంతా వంతులవారీగా చుక్కాని పట్టుకుంటే తెల్లారేసరికి మాంటెరే. మెరీనాలో దూరి, తాళ్ళు కట్టి, కరెంటు తగిలించి, మళ్ళీ పొద్దున్నే అన్నీ విప్పి, అదంతా టైం వేస్టు. ఒక్క మాట, మొదటి ట్రిప్పుకి ఆడవాళ్ళని తీసుకెళ్ళకు, వాంతులయితే చూసుకోలేవు.

లావణ్య_ఫ్రీమాంట్

శాస్త్రి గారూ, ఆడవాళ్ళ సంగతి ముందు తేల్చేద్దాం. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద భూమి చుట్టి రావడానికి బయల్దేరిన ఆరుగురూ నేవీ ఆడపిల్లలే. అందులో స్వాతిది మన విశాఖ, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదు. 2018 మేలో, 254 రోజుల తర్వాత తిరిగొచ్చారు. అంతటి వాళ్ళు కూడా ఫ్రీమాంటిల్, లిటిల్టన్, ఫాక్‌లాండ్స్, కేప్‌టౌన్ అన్నిచోట్లా ఆగారు, స్టీరింగు పాడయితే ప్లానులో లేని మారిషస్‌లో కూడా ఆగారు. ఆగడం దండగ అని వాళ్ళెవరూ అనుకోలేదు మరి.

ఇక వేణు గారూ, లెక్క చూడండి. అలమేడా నుంచి మాంటెరే, పిల్లర్ పాయింట్, శాంటాక్రూజ్ మీదుగా సుమారు 95 నాటికల్ మైళ్ళు. మీ పడవ గంటకు అయిదున్నర చొప్పున పోయిందనుకుంటే పదిహేడు గంటల పైమాటే. అది పోయేటప్పుడు. వచ్చేటప్పుడు వాయవ్యం గాలి ముఖానికి, అల ముఖానికి, ఇంజిను పెట్టుకున్నా నాలుగు దాటదు. ఆదివారం పొద్దున ఆరింటికి మాంటెరే నుంచి బయల్దేరితే సోమవారం తెల్లవారుజాము దాకా నీళ్ళమీదే ఉంటారు, అదీ ఎక్కడా ఏదీ విరక్కపోతే. ఏదైనా విరిగిందంటే ఆ తొమ్మిది గంటల మీటింగు సముద్రంలోనే బకెట్టు పట్టుకుని చేస్తారు. పోయేటప్పుడు ఆ గాలి చుట్టంలా సాగనంపుతుంది, వచ్చేటప్పుడు అప్పులవాడిలా వీధి మొదట్లోనే నిలబడుతుంది. మీ ప్రశ్న ఆగాలా వద్దా అని కాదు, అసలు మీ చేతిలో ఎన్ని రోజులున్నాయి అని. మూడే రోజులుంటే హాఫ్ మూన్ బే దాకా వెళ్ళి, రెండు రాత్రులుండి వెనక్కి రండి. అదే మంచి ట్రిప్పు.

వేణు_అలమేడా

వచ్చేటప్పటి గాలి సంగతి నేను లెక్కలోనే వేసుకోలేదు. మ్యాపులో 95 మైళ్ళు పోను, 95 మైళ్ళు రాను అని సమానంగా రాసుకున్నా. సిగ్గుగా ఉంది.

కాకినాడ_కెప్టెన్

సిగ్గెందుకు నాయనా, అడిగావు, అది చాలు. నేను సరుకు ఓడల మీద ముప్పై ఏళ్ళు చేసి రిటైరయిన వాణ్ణి, చిన్న పడవల్లో మీ అంత అనుభవం లేదు, కానీ శాన్ ఫ్రాన్సిస్కో రేవులోకి చాలాసార్లు వచ్చాను. మూడు మాటలు చెప్తాను.

గేటు దాటేటప్పుడు ఆటుపోట్లు చూసుకో. నీళ్ళు బయటికి పోయే పాటు సమయంలో అక్కడ ప్రవాహం నాలుగైదు నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్ళు) ఉంటుంది, ఎదురుగా పడమటి అల వస్తే రెండూ కొట్టుకుని నీళ్ళు గోడల్లా లేస్తాయి. నీళ్ళు నిలకడగా ఉండి పాటు అప్పుడే మొదలవుతున్నప్పుడు దాటు. బయటికొచ్చాక కుడివైపు పొటాటో ప్యాచ్ అని గట్టు ఉంది, లోతు తక్కువ, పెద్ద అల వచ్చినప్పుడు నడి సముద్రంలోనే విరుగుతుంది. అటు వెళ్ళకు.

రెండోది, ఫోనులో రంగురంగుల గాలి బొమ్మలు చూసి మురిసిపోకు. బోయాలు చూడు, అంటే సముద్రంలో తేలుతూ గాలినీ అలనీ కొలిచే పీపాలు, ఒక్కోదానికి ఒక నంబరు. శాన్ ఫ్రాన్సిస్కో బయట 46026, హాఫ్ మూన్ బే దగ్గర 46012, మాంటెరే దగ్గర 46042. ఇవి జోస్యం చెప్పవు, ఇప్పుడు నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్తాయి. అల ఎత్తు ఒక్కటే చూడకు, ఎన్ని సెకన్లకొకటి వస్తోందో చూడు. ఎనిమిది అడుగుల అల పద్నాలుగు సెకన్లకొకటి వస్తే ఉయ్యాల. అయిదు అడుగులది ఆరు సెకన్లకొకటి వస్తే గుంతల రోడ్డులో ఆటో.

మూడోది పొగమంచు. తెరచాప మీద పోతుంటే రెండు నిమిషాలకోసారి ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు, ఇంజిను మీదైతే ఒక్క పొడుగు కూత. ఊదాలి. వినాలి కూడా. మా ఓడల పైనుంచి చూస్తే మీ 34 అడుగుల పడవ కనపడదు నాయనా, ఏఐఎస్ (పడవ ఎక్కడుందో రేడియోలో చాటే పరికరం) ఉంటేనే ఉన్నట్టు.

సన్నీవేల్_శాస్త్రి

నేను ఆడవాళ్ళ మాట అన్న ఉద్దేశం వేరు, సరే, వెనక్కి తీసుకుంటున్నా. కానీ రాత్రి ప్రయాణం గురించి నా మాట అదే. పగలు మధ్యాహ్నం గాలి 25 నాట్లు లేచే చోట రాత్రి నీళ్ళు చాలాసార్లు మెత్తగా ఉంటాయి. వచ్చేటప్పుడైనా తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి గాలి లేచేలోపు వీలైనంత లాగేయండి. ఇది లావణ్య గారు కూడా కాదనరు.

లావణ్య_ఫ్రీమాంట్

కాదనను. వచ్చేటప్పుడు అదే దారి.

జాలారిపేట_అప్పన్న

విశాఖ నుంచి రాస్తన్నాను బాబూ. మీ సోకు పడవల సంగతి నాకు తెలీదు, మాది మరపడవ, మా అయ్య సరంగు. మెరీనా అంటే ఏటో అనుకున్నాను, మా మేనల్లుడు ఫోటో చూపిస్తే మా ఫిషింగ్ హార్బరు జెట్టీకి తెల్ల సున్నమేసినట్టుంది. ఒక్క ముక్క చెప్తాను. 2023 నవంబరులో మా హార్బరులో రాత్రిపూట నిప్పంటుకున్నప్పుడు నేనక్కడే ఉన్నాను. పక్కపక్కన కట్టేసిన బోట్లు, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకి ముప్పైకి పైగా పోయాయి. పరాయి రేవులో కట్టినప్పుడు మీ గేసు, మీ కరెంటు తీగ, మీ పొయ్యి మీ ఒక్కరివే కాదు, పక్కోడివి కూడాను. పడుకోబోయే ముందు గేసు సిలిండరు దగ్గరే కట్టెయ్యండి, పొయ్యి దగ్గర కాదు.

లావణ్య_ఫ్రీమాంట్

అప్పన్న గారు చెప్పింది అక్షరాలా నిజం. కరెంటుది నాకు అనుభవమే. ఒక మెరీనాలో (పేరెందుకు) రాత్రి చేరి, అలసటలో బ్రేకరు ఆపకుండానే 30 ఆంపుల తీగ తగిలించాం. పొద్దున విప్పితే ప్లగ్గు మూడు కాళ్ళలో ఒకటి నల్లగా మాడిపోయి, చుట్టూ పసుపు ప్లాస్టిక్కు బెల్లం పాకంలా కారి గట్టిపడింది. తప్పు మాదే, ఉప్పు పట్టిన ప్లగ్గు తుడవలేదు, తిప్పి బిగించలేదు. ముందు రేవు స్తంభం దగ్గర బ్రేకరు ఆపాలి, తర్వాత తగిలించి తిప్పాలి, ఆ తర్వాతే బ్రేకరు వెయ్యాలి. విప్పేటప్పుడు కూడా మొదట బ్రేకరే.

కోనసీమ_కుర్రాడు

మెరీనా అంటే నాకు గుర్తొచ్చేది మూడు మూతలు. పడవ పైభాగంలో మంచినీళ్ళకొకటి, డీజిలుకొకటి, మురుగు ట్యాంకుకొకటి, మూడూ ఒకే సైజు, ఒకే స్టీలు, మీద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. మా రూమ్మేటు నిరుడు మంచి ఊపులో గొట్టం తెచ్చి డీజిలు ట్యాంకులో నీళ్ళు పట్టాడు. నిండింది అని గర్వంగా అరిచాడు కూడా. ఆ వీకెండంతా ఆ మెరీనాలోనే. ట్యాంకు తోడించడానికి అయిన ఖర్చు చెప్తే మా అమ్మ నన్ను ఇండియా వచ్చెయ్యమంటుంది. మూతల పక్కన మీరే పెద్ద అక్షరాలతో టేపు అంటించుకోండి, తెలుగులో రాసినా పర్లేదు.

అన్నట్టు, మురుగు ట్యాంకు మెరీనాలోనే ఖాళీ చేయించుకోవాలి. తీరానికి మూడు మైళ్ళలోపు వదలడం నేరం, పైగా గేటు దాటాక మీరు పోయే దారిలో చాలాభాగం 1992లో ప్రకటించిన మాంటెరే బే సముద్ర అభయారణ్యం. మురుగు సముద్రంలోకి వదిలే వాల్వు మూసి తాళం వేసి ఉందో లేదో క్లబ్బు వాళ్ళని అడగండి.

కొచ్చిన్_కృష్ణ

నేను కొచ్చిలో ఉద్యోగం, ఊరు నెల్లూరు. ఇక్కడ బోల్గాట్టి దీవిలో 2010లో తెరిచిన మెరీనా ఉంది, దేశంలో మొదటిది. యూరప్ నుంచి వచ్చే పడవల వాళ్ళు రెండు రోజులని వచ్చి మూడు వారాలుంటారు. అడిగితే ఒకాయన నవ్వి, ఏదో సామాను రావాలి అన్నాడు. వాళ్ళకి తేదీలుండవు, అదృష్టవంతులు. మనకేమో సోమవారం.

వేణు_అలమేడా (ఆగస్టు 23)

అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో అందరం కూర్చుని చదివాం, అప్పన్న గారి పోస్టు మా ఆవిడ రెండుసార్లు చదివింది. ప్లాన్ మార్చాం. సెప్టెంబరు రెండో వారంలో ఎనిమిది రోజులు సెలవు పెట్టా. పిల్లర్ పాయింట్, శాంటాక్రూజ్, మాంటెరే, మళ్ళీ అదే దారిలో వెనక్కి. అన్నిచోట్లా ఆగుతాం. బావమరిది, ఫ్రెండు మాంటెరేలో దిగి కారులో వెళ్ళిపోతారు, వెనక్కి మేమిద్దరమే. పడవ నడపడానికి కార్డు కావాలంటున్నారు, నిజమేనా?

కోనసీమ_కుర్రాడు

2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఏ వయసు వాళ్ళకైనా బోటర్ కార్డు ఉండాలి. తెరచాప పడవ అయినా ఇంజిను వేస్తే వర్తిస్తుంది. పది డాలర్లు, జీవితాంతం పనిచేస్తుంది. అద్దె పడవకి మినహాయింపులున్నాయి గానీ ఆన్‌లైన్లో పరీక్ష రాసి తీసేసుకో, గొడవ వదిలిపోతుంది.

వేణు_అలమేడా (సెప్టెంబరు 9, పిల్లర్ పాయింట్ నుంచి)

ఫోన్లో టైపు చేస్తున్నా, తప్పులుంటే క్షమించండి. చేరాం! గేటు పొద్దున ఏడింటికి దాటాం, కెప్టెన్ గారు చెప్పినట్టే నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు. మోంటారా దాకా పొగమంచు, ఫ్రెండు కూత ఊదీ ఊదీ పెదాలు వాచాయంటాడు. హార్బరు కనపడగానే బావమరిది అడ్డంగా పోదామన్నాడు, మ్యాపు చూస్తే ఒడ్డుకీ మాకూ మధ్య అంతా రాళ్ళే. శీతాకాలంలో మావెరిక్స్ అనే రాకాసి అలలు లేచేది అక్కడేనట. బుద్ధిగా బోయా దాకా దక్షిణానికి పోయి, అక్కడినుంచి రెండు రాతి గోడల మధ్యలోకి తిరిగాం.

స్లిప్పులో (మెరీనాలో పడవ నిలిపే గడిలో) పెట్టడం మాత్రం పరువు తీసింది. పక్క గాలి. మొదటిసారి నేను, ముక్కు ఎటో పోయింది, వెనక్కి తీశాను, రెండోసారి పక్క పడవ ఫెండరుకి (గీసుకోకుండా వేలాడదీసే గాలి దిండుకి) తగిలించాను. ఆ పడవ పెద్దాయన చేతిలో కాఫీ కప్పు కింద పెట్టకుండానే కాలితో మా పడవని ఆపబోయాడు, నేను వద్దు వద్దని అరిచాను, మాకు క్లాసులో మొదటి రోజు చెప్పింది అదే, పడవకీ గట్టుకీ మధ్య కాలు పెట్టొద్దని. అప్పుడు మా ఆవిడ చక్రం తీసుకుంది. పడవ మధ్యలో తాడు కట్టే కొమ్ము, అదే క్లీటు, దానికి ఒక్క తాడు వేయించి, ఇంజిను ముందుకి నెమ్మదిగా పెట్టి అలాగే ఉంచింది, పడవ దానంతటదే వచ్చి గట్టుకి ఆనుకుంది. ఇది ఎప్పుడు నేర్చుకున్నావంటే నువ్వు క్లాసులో ఫోన్ చూస్తున్నప్పుడు అంది.

సాయంత్రం జెట్టీ మీద చేపల పడవల వాళ్ళ దగ్గర ఎర్ర రాక్‌ఫిష్ కొన్నాం. వాళ్ళు కోసివ్వరు, మనమే చూసుకోవాలి.

జాలారిపేట_అప్పన్న

వీపు ముల్లు జాగ్రత్త! ఆ జాతి ముళ్ళకి విషముంటాది, చచ్చేంత కాదు గానీ మంట ఆగదు. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి పెట్టాలి. కత్తెరతో ముందు ముళ్ళు కత్తిరించి అప్పుడు పొలుసు తియ్యండి. చింతపండు తీసుకెళ్ళేరా లేదా?

వేణు_అలమేడా

తీసుకెళ్ళాం. మీ పోస్టు రావడానికి పది నిమిషాల ముందే బావమరిది చూపుడువేలు గుచ్చుకుంది. ఇప్పుడు టీ గిన్నెలో వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

వేణు_అలమేడా (సెప్టెంబరు 10)

ఇవాళ కదల్లేదు. పొద్దున 46012 చూస్తే ఏడడుగులు, ఏడు సెకన్లు, గాలి హెచ్చరిక. లోపల మాత్రం నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి, ఎండ కాస్తోంది, కుక్కలతో జనం షికారు చేస్తున్నారు. బయట అంత ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. బావమరిది మూడుసార్లు గోడ చివరిదాకా నడిచి చూసి వచ్చి, మూడోసారి ఏమీ మాట్లాడకుండా పేకముక్కలు తీశాడు.

కాకినాడ_కెప్టెన్

మంచి పని చేశావు. అలా లోపల ఎండ చూసి బయటికి పోయిన వాళ్ళని చాలామందిని చూశాను.

సన్నీవేల్_శాస్త్రి

నేనైతే పోయేవాణ్ణి. కానీ నా పడవ 42 అడుగులు, మీది వేరు. సరైన నిర్ణయమే.

వేణు_అలమేడా (సెప్టెంబరు 13, మాంటెరే)

శాంటాక్రూజ్‌లో ఒక రాత్రి, ఇక్కడ రెండో రాత్రి. పిజియన్ పాయింట్ లైట్‌హౌస్ దాటాక గాలి వెనక నుంచి పద్దెనిమిది నాట్లు, ఆరు గంటల పాటు ఒక్క మాట కూడా ఎవరూ మాట్లాడుకోలేదు, అంత బాగుంది. మాంటెరే ముందు మాత్రం తాళ్ళలా పెరిగే సముద్రపు నాచు కెల్ప్‌లో చిక్కాం. ఇంజిను మోత ఉన్నట్టుండి బరువెక్కింది, పడవ వణికింది. న్యూట్రల్‌లో పెట్టి, కాసేపు రివర్సు వేస్తే కొంత వదిలింది, తర్వాత ఇంజిను పూర్తిగా ఆపి, బావమరిది (కట్టు కట్టిన వేలితోనే) వెనక మెట్టు మీద బోర్లా పడుకుని, కొక్కెం కర్రకి బ్రెడ్డు కత్తి కట్టి కోశాడు. చేతిలోకి తీసి చూశా. సైకిలు ట్యూబులా జారుడు, గోధుమ రంగు, నిమ్మకాయంత గాలి బుడగలు, నొక్కితే టప్‌మంటాయి. ఇరవై అడుగులు పైనే వచ్చింది.

ఇక్కడ సముద్ర సింహాలు జెట్టీ ఎక్కి పడుకుంటున్నాయి. వాసన సంగతి చెప్పలేను. రాత్రంతా మొరుగుడే, ఇష్టమొచ్చినట్టు తరమడానికి లేదు, సముద్ర క్షీరదాల రక్షణకి చేసిన 1972 చట్టం ప్రకారం వాటిని ఇబ్బంది పెట్టకూడదు, అవి మాత్రం మమ్మల్ని పెట్టొచ్చు. కానీ తెల్లవారుజామున పడవ గోడ పక్కనే టక్ టక్ టక్ అని చప్పుడు. ఏదో వదులైందేమోనని టార్చి పట్టుకుని పైకి పోతే ఒక ఆటర్ (సముద్రపు నీటికుక్క), వెల్లకిలా తేలుతూ, పొట్టమీద రాయి పెట్టుకుని చిప్ప కొట్టుకుంటోంది. నన్ను చూసి ఆపింది, నేను కదలకపోయేసరికి మళ్ళీ మొదలెట్టింది.

స్నానం గురించి ఎవరూ చెప్పలేదేం? పావలా డాలరు నాణేలు వేస్తేనే నీళ్ళు. తలకి షాంపూ పట్టించాక ఆగిపోయాయి. జేబులో ఉన్నవన్నీ నోట్లే.

లావణ్య_ఫ్రీమాంట్

అయ్యో, అది చెప్పడం మర్చిపోయా. చిల్లర డబ్బా పడవలోనే ఉండాలి. వెనక్కి ఎప్పుడు?

వేణు_అలమేడా

రేపు శాంటాక్రూజ్, అక్కడినుంచి ఎల్లుండి రాత్రి రెండున్నరకి. సెలవు ఎల్లుండితో అయిపోతుంది, ఇంకో రెండు రోజులు అడిగా. మేనేజరు మీటింగు మాత్రం తప్పదన్నాడు, పడవలోంచే చేస్తా.

వేణు_అలమేడా (సెప్టెంబరు 17)

నిన్న రాత్రి ఇంటికి చేరాం. వచ్చేటప్పటి సంగతి క్లుప్తంగా: చలి, తడి, ఇంజిను మోత, నాలుగు నాట్లు. శాంటాక్రూజ్ నుంచి పిల్లర్ పాయింట్ పన్నెండు గంటలు పట్టింది, చివరి మూడు గంటలు గాలి లేచి ముక్కు అలలో దూరుతూనే ఉంది. మా ఆవిడకి వాంతులు కాలేదు శాస్త్రి గారూ, నాకయ్యాయి. మర్నాడు మీటింగు పిల్లర్ పాయింట్ స్లిప్పులో కూర్చునే చేశా. ఫ్రెండు అటువైపు నుంచి చాట్‌లో పెట్టాడు, వెనక తాడు కిర్రుమంటోంది, మ్యూట్ చెయ్యి అని.

సన్నీవేల్_శాస్త్రి

హహ్హ, చెంప పగిలింది, ఒప్పుకున్నా. తర్వాతి ట్రిప్పు పాయింట్ కన్సెప్షన్ దాటి శాంటాబార్బరా అయితే చెప్పండి, నేనూ వస్తా.

కోనసీమ_కుర్రాడు

చాలా మెరీనాలు గేటు కార్డుకి డిపాజిట్ తీసుకుంటాయి కదా, కార్డులన్నీ వెనక్కి ఇచ్చేశారా?

వేణు_అలమేడా

ఇచ్చేశాం అనుకున్నా. ఇప్పుడే వాషింగ్ మెషీన్లో తేలింది ఒకటి.

లావణ్య_ఫ్రీమాంట్

ఏ ఊరిది?

వేణు_అలమేడా

చూడాలి. అక్షరాలు అరిగిపోయాయి.